కాలువ గట్టున బ్యాటరీ సైకిలు

మీకు సైకిలు తొక్కడం వచ్చా? "ఎందుకు రాదండీ, హైస్కూలుకి సైకిలు మీదే వెళ్ళేదాన్ని" అని మీలో చాలామంది అంటారు. మన గోదావరి జిల్లాల్లో ఆడపిల్లకి సైకిలు కొత్త కాదు. చేతిలా చదునుగా ఉన్న నేల, ఊరూరికీ కాలువ, కాలువ వెంట గట్టు. పుస్తకాల సంచీ క్యారేజీకి కట్టుకుని నాలుగైదు కిలోమీటర్లు ఇట్టే తొక్కేసిన వాళ్ళమే. మరి ఆ సైకిలు ఏమైంది? పెళ్ళితో పుట్టింట్లో ఉండిపోయింది. కొన్నాళ్ళు తమ్ముడు తొక్కాడు, ఆ తర్వాత తుప్పు పట్టింది. మనం స్కూటరు వెనక సీటు మీదకి మారాం.

అక్కణ్ణించీ ఎక్కడికి వెళ్ళాలన్నా ఇంట్లో ఎవరికో ఒకరికి తీరిక ఉండాలి. గుడికైనా, బ్యాంకుకైనా, పక్క ఊళ్ళో ఉన్న అక్కయ్యని చూసి రావడానికైనా అంతే. ఒక్కసారి గుర్తు చేసుకోండి. ఎవర్నీ అడక్కుండా, ఎవరికోసమూ ఆగకుండా మీరొక్కరే సరదాగా అలా వెళ్ళొచ్చింది ఎప్పుడు? జవాబు వెంటనే తట్టకపోతే ఈ వ్యాసం మీకోసమే. స్కూటీ నడిపేవారు కూడా చదవొచ్చు. స్కూటీ పని చేసిపెడుతుంది కానీ ఒంటికి కదలిక ఇవ్వదు కదా!

ఏమిటీ గ్రావెల్ బైకు?

"మా వీధికి పంచాయతీవాళ్ళు గ్రావెల్ తోలించారు" అంటూంటామే, ఆ గ్రావెలే ఇది. తారు లేని మట్టి రోడ్ల మీద, కంకర మీద కూడా హాయిగా సాగిపోయేలా తయారుచేసిన సైకిలుని గ్రావెల్ బైకు అంటారు. టైర్లు మామూలు రేసు సైకిలుకన్నా బాగా వెడల్పు, బ్రేకులు డిస్కు రకం, హ్యాండిలు మాత్రం రేసు సైకిలులా కిందికి వంగి ఉంటుంది. దానికి చిన్న మోటారు, బ్యాటరీ తగిలిస్తే ఎలక్ట్రిక్ గ్రావెల్ బైకు. పై దేశాల కంపెనీలు చేసే ఇలాంటి బండ్లు మన డబ్బులో లక్షల్లో ఉంటాయి. పైగా మధ్యలో అడ్డకడ్డీ, ముందుకు వంగి కూర్చోవడం. చీరకట్టుకి అసలు కుదరవు.

మరి మనకెందుకీ కబుర్లు అంటారా? దాని పేరు కాదండీ, దాని గుణం మనకి కావాలి. వెడల్పు టైర్లు, మంచి బ్రేకులు, తొక్కుడుకి తోడుగా చిన్న మోటారు. ఈ మూడూ ఉండి, అడ్డకడ్డీ లేని లేడీస్ సైకిలు రూపంలో మన దేశంలోనే తయారయ్యేవి ఇప్పుడు పాతిక, ముప్పై వేల నుంచి దొరుకుతున్నాయి. మన గట్లకి అవి చాలు.

తొక్కుతుంటే మోటారు తోడు పట్టే ఈ పద్ధతి సైకిలుని పెద్ద ఎత్తున అమ్మకానికి తెచ్చింది జపాన్‌లో యమహా కంపెనీ, 1993లో. ఈ రోజు అక్కడి తల్లులు ముందొక బిడ్డనీ వెనకొక బిడ్డనీ కూర్చోబెట్టుకుని, కూరల సంచీతో సహా ఇలాంటి సైకిళ్ళ మీదే తిరుగుతుంటారు. మన పక్క రాష్ట్రం తమిళనాడులోని పుదుక్కోట జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమంతో పాటు వేలాది మంది పల్లెటూరి ఆడవాళ్ళు సైకిలు నేర్చుకున్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వినా వాళ్ళు ఆగలేదు. చదువుతో సమానంగా సైకిలు కూడా ధైర్యాన్నిచ్చింది వాళ్ళకి.

తిరుగు ప్రయాణమే అసలు లెక్క

మెరకలు, కొండలు లేని మన డెల్టాలో మోటారెందుకు అని శ్రీవారు తప్పకుండా అడుగుతారు. నిజమే, వెళ్ళేటప్పుడు అక్కర్లేదు. ఇల్లాలికి వెళ్ళడం ఎప్పుడూ కష్టం కాదు. రావడంతోనే భయం. ఎదురుగాలి తగిలితే? మోకాలు పట్టేస్తే? క్యారేజీ మీద పది కిలోల బరువుంటే? పిల్లల స్కూలు బస్సు వచ్చే వేళకి ఇంటికి చేరకపోతే? ఈ "పోతే"లే మనల్ని వీధి చివర ఆపేస్తాయి. వేళకి తిరిగి రాగలనన్న నమ్మకమే మనం ఆ ముప్పై వేలూ పోసి కొనేది.

అందుకే బ్యాటరీ లెక్క మీరే వేసుకోవడం నేర్చుకోండి. బ్యాటరీ మీద రెండు అంకెలుంటాయి, వోల్టులు, ఆంపియర్-అవర్లు. రెంటినీ హెచ్చవేస్తే వాట్-అవర్లు వస్తాయి. ఉదాహరణకి 36 వోల్టులు, 10 ఆంపియర్-అవర్లు అయితే 360 వాట్-అవర్లు. అంటే కరెంటు మీటరు భాషలో యూనిట్‌లో మూడో వంతు పైచిలుకు. ఎంత ఎక్కువ స్లాబు వేసినా ఒకసారి ఛార్జింగుకి నాలుగైదు రూపాయలు దాటదు. మనం కూడా తొక్కుతూ ఉంటే కిలోమీటరుకి సుమారు 10 వాట్-అవర్లు ఖర్చనుకోండి. 360కి 36 కిలోమీటర్లు. మనిషి బరువు, గాలి, టైర్లలో గాలి వీటిని బట్టి ఇది పెరుగుతుంది, తగ్గుతుంది. కంపెనీవాళ్ళు చెప్పే దూరం మోటారు అతి తక్కువ సాయం చేసినప్పటిది. పైగా ఏళ్ళు గడిచేకొద్దీ బ్యాటరీ శక్తి తగ్గుతుంది. కాబట్టి ఒక్క సూత్రం కొంగున ముడి వేసుకోండి. సగం గీతలు ఉండగానే వెనక్కి తిరగాలి!

కొనేముందు

చట్టం సంగతి ముందు చూద్దాం. మోటారు శక్తి 250 వాట్ల లోపు ఉండి, వేగం గంటకి 25 కిలోమీటర్లకి చేరేసరికి, లేదా మీరు తొక్కడం ఆపగానే మోటారు ఆగిపోయేలా ఉంటే కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం అది మోటారు వాహనం కాదు. లైసెన్సు వద్దు, రిజిస్ట్రేషన్ వద్దు. "స్పీడు లాకు తీసేసి ఇస్తామండీ, నలభై మీద వెళ్తుంది" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అప్పుడది చట్టం దృష్టిలో మోటారు బండి అయిపోతుంది. హెల్మెట్ మాత్రం చట్టం అడగకపోయినా పెట్టుకోండి.

కొట్లో సిగ్గుపడకుండా మీరే ఎక్కి తొక్కి చూడండి. రోజూ కట్టుకునే చీరతోనో, చుడీదారుతోనో వెళ్ళండి. సీటు మీద కూర్చుంటే రెండు కాళ్ళ మునివేళ్ళూ నేలకి ఆనాలి. చైనుకి మూత, వెనక చక్రానికి చీర చిక్కుకోకుండా జాలీ ఉన్నాయా? లేకపోతే విడిగా బిగించి ఇస్తారా? టైరు వెడల్పు అంగుళమున్నరకి తగ్గకుండా, రెండంగుళాల దాకా ఉంటే గ్రావెల్ మీద జారదు. తర్వాత మోటారు ఆపేసి ఒక ఫర్లాంగు తొక్కండి. ఈ సైకిళ్ళు చాలావరకు ఇరవై కిలోల పైనే ఉంటాయి. దారిలో బ్యాటరీ అయిపోతే మిమ్మల్ని ఇంటికి చేర్చేది ఆ బరువే. మీ వాకిట్లో మెట్లుంటే వెనక చక్రం ఎత్తి కూడా చూడండి.

కొన్నిట్లో పెడలు తిరుగుతోందని తెలియగానే మోటారు ఒక్కసారిగా అందుకుంటుంది. కొంచెం ఖరీదైన వాటిలో మీరెంత బలంగా తొక్కితే దానికి తగ్గట్టు మెల్లగా తోడు పడుతుంది. ఇరుకు గట్టు మీద రెండోదే నయం. మొదటి రకం కొంటే నాలుగు రోజులు ఖాళీ మైదానంలో అలవాటు చేసుకోండి.

మూడు ప్రశ్నలు మర్చిపోకండి. బ్యాటరీకి గ్యారంటీ ఎన్నేళ్ళు, కాగితం మీద రాసిస్తారా? కొత్త బ్యాటరీ విడిగా కొంటే ఎంత? మోటారున్న వెనక చక్రానికి పంక్చరైతే మా ఊళ్ళో వేసేదెవరు? మూడోదాని జవాబు మీ వీధి సైకిలు షాపతన్నే ముందుగా అడిగి తెలుసుకోండి.

ధవళేశ్వరం నుంచి ఆత్రేయపురం

ఇక ప్రయాణం! కాళ్ళు కాస్త అలవాటు పడ్డాక ఒక శీతాకాలపు ఉదయం ఈ దారి పట్టండి. రాజమండ్రి పక్కనే ధవళేశ్వరం. 1847లో మొదలుపెట్టి 1852కి కాటన్ దొర ఇక్కడ గోదావరికి ఆనకట్ట పూర్తిచేశాడు. దాని స్థానంలో 1970లో మొదలై 1982కి తయారైందే ఇప్పటి బ్యారేజీ. చూడ్డానికి ఒక్కటిగా ఉన్నా నిజానికి నాలుగు ముక్కలు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. అన్నీ కలిపి 175 గేట్లు. మొదలుపెట్టే ముందు కాటన్ మ్యూజియం చూసి వెళ్ళొచ్చు.

బ్యారేజీ మీద రోడ్డు ఇరుకు, బండ్ల రద్దీ కూడా ఉంటుంది. తెల్లవారి తొందరగా దాటేస్తే మేలు. ఒక పక్క సముద్రంలా నిండిన నీళ్ళు, మరో పక్క ఇసుక తిన్నెలు. ఆగి చూడాలనిపిస్తుంది కానీ రోడ్డు మీద ఆగకండి. లంకలు దాటి బొబ్బర్లంక చేరాక మధ్య డెల్టా కాలువ మొదలవుతుంది. అక్కణ్ణించి దక్షిణంగా కాలువ వెంటే దారి. 2022 జిల్లాల విభజనలో కోనసీమ జిల్లాలో చేరిన ప్రాంతమిది.

ఈ గట్లు మొదటినుంచీ ప్రయాణాలకి కూడా పనికొచ్చేవని మీకు తెలుసా? బస్సులు రాకముందు డెల్టాలో చాలా ప్రయాణాలు పడవల మీదే. గాలి లేనప్పుడు పడవకి తాడు కట్టి, ఆ తాడు పట్టుకుని గట్టు మీద నడుస్తూ లాగేవారు. పడవని ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి దించడానికే లాకులు కట్టారు. పురిటికి పుట్టింటికి వెళ్ళిన మన అమ్మమ్మలు ఆ పడవల్లో కూర్చుని చూసిన కొబ్బరి చెట్ల వరసే, ఇప్పుడు మీరు సైకిలు మీద నుంచి చూసేది. "ఎంత దూరమండీ అమ్మగారూ?" అని గట్టు మీద పలకరించేవాళ్ళకి లోటుండదు. "ఆత్రేయపురమండీ" అని చెప్పి సాగిపోండి.

ధవళేశ్వరం నుంచి ఆత్రేయపురం రమారమి పదిహేను కిలోమీటర్లు. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన పూతరేకుల ఊరిది. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట, బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డని కుండ మీద ఒక్కసారి లాగితే పొరలా లేచే రేకు. ఇది పూర్తిగా ఆడవాళ్ళ చేతి పనితనం. నేతి రేకులు ఒక పెట్టె కట్టించుకుని, గుడ్డలో చుట్టి ముందు బుట్టలో పెట్టుకోండి. వెనక క్యారేజీ మీద పెడితే ఇల్లు చేరేసరికి పొడే మిగులుతుంది! ఓపికుంటే దగ్గర్లోనే లొల్ల లాకులు. లేదంటే ఇక్కణ్ణించే తిరగండి. రానూ పోనూ ముప్పై కిలోమీటర్లయింది, మన లెక్క గుర్తుందిగా?

గట్టు మీద జాగ్రత్తలు

చాలాచోట్ల కాలువ గట్టుకి పిట్టగోడ ఉండదు. ఎదురుగా ట్రాక్టరో, లారీయో వస్తే పోటీ పడకుండా దిగి నిలబడండి. కోతల రోజుల్లో రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు. దాని మీదుగా తొక్కకండి, అది ఒకరి ఆరు నెలల కష్టం, చక్రమూ జారుతుంది. వర్షం పడ్డ నల్లమట్టి గట్టు జోలికి అసలు పోవద్దు. జులై, ఆగస్టుల్లో ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. వార్తల్లో ఆ మాట వినబడితే లంకల వైపు ప్రయాణం మానుకోండి. దీపాలు పెట్టే వేళకి ఇంట్లో ఉండేలా బయల్దేరండి. మోకాళ్ళ నొప్పులు, బీపీ ఉన్నవారు ముందు డాక్టరుని అడగండి.

ఇంట్లో బ్యాటరీ సంరక్షణ

దాంతో ఇచ్చిన ఛార్జరే వాడండి. గ్యాసు పొయ్యి ఉన్న వంటింట్లోనూ, ఎండ పడే వరండాలోనూ వద్దు. రాత్రంతా పెట్టి నిద్రపోకండి, నిండగానే తీసెయ్యండి. బ్యాటరీ ఉబ్బినా, దెబ్బ తగిలినా వాడొద్దు. వానాకాలం నెలల తరబడి తొక్కకపోతే సగం ఛార్జింగుతో తీసి నీడపట్టున దాచండి. బురదైతే తడిగుడ్డతో తుడవండి, పైపు పెట్టి కడగకండి. సముద్రం దగ్గరి ఊళ్ళవాళ్ళు ఉప్పుగాలికి చైను తుప్పు పట్టకుండా తరచూ నూనె వెయ్యండి.

"ఈ వయసులో సైకిలేమిటమ్మా?" అని అత్తగారనొచ్చు. ముప్పై వేలంటే చీటీ పాట డబ్బే. దాంతో మిక్సీ మార్చొచ్చు, పిల్లల ఫీజు కట్టొచ్చు. అవన్నీ నిజమే. కానీ ఇంట్లో అందరి అవసరాలకీ ఆ చీటీ ఎన్నిసార్లు పాడి ఉంటారో లెక్క వేసుకోండి. ఒక్కసారి మీ కాళ్ళకి కూడా వాటా అడగడం తప్పేం కాదు.

కొన్నాక మొదటి రోజే ఆత్రేయపురం వద్దు. మీ ఊరి కాలువ మీద మొదటి వంతెన దాకా వెళ్ళి రండి. మర్నాడు రెండో వంతెన. వెళ్ళినంత దూరమూ తిరిగి రాగలరని మీకూ తెలుస్తుంది, ఇంట్లోవాళ్ళకీ తెలుస్తుంది. ఆ తర్వాత మీరు గుమ్మం దాటుతుంటే "ఎప్పుడొస్తావ్?" అని కంగారుగా అడగరు. "వస్తూ వస్తూ ఏం తెస్తావ్?" అని అడుగుతారు.