కృష్ణ ఒడ్డున వలసదారి

మహాబలేశ్వర్ కొండల్లో పుట్టే కృష్ణ పొడవు దాదాపు 1,400 కిలోమీటర్లు. మహారాష్ట్ర దాటి, ఆలమట్టి జలాశయం కింద పాత బాగల్‌కోటలో చాలా భాగాన్ని ముంచి, భీమానదిని కలుపుకొని తంగిడి దగ్గర తెలంగాణలో అడుగుపెడుతుంది. అక్కడి నుంచి శ్రీశైలం దాకా ఎడమ ఒడ్డు పాలమూరు. ఏటి పక్కనే ఉండి దేశమంతా మట్టిపనికి పోయిన జిల్లా.

దీనికి కరువే కారణమంటారు. అది సగం నిజం. ఏరు లోతున పారుతుంది, ఎర్ర చల్క నేలలు మిట్టన ఉంటాయి. ఎత్తిపోస్తే తప్ప నీళ్లు చేనెక్కవు. మిగతా సగం అప్పు. బోరు ఎండినా, బిడ్డ పెళ్లి కుదిరినా గుంపుమేస్త్రి అడ్వాన్సుతో గడపలోకి వస్తాడు. పంట చేతికొచ్చాక ఆలుమగలు పారా గంపా పట్టుకొని బయల్దేరుతారు. ముసలివాళ్లు, బడి పిల్లలు ఊళ్లో మిగులుతారు. పనిచోట ఇచ్చిన బియ్యం, జ్వరానికి కొన్న మందు, నడుమ తీసుకున్న చేతిఖర్చు అన్నీ మేస్త్రి పద్దులో ఎక్కుతాయి. వానల ముందు లెక్క చూస్తే కూలి అడ్వాన్సుకే సరిపోతుంది, ఒక్కోసారి బాకీ మిగిలి మరుసటి ఏడు మళ్లీ అతని వెంటే పోవాలి. గుత్తేదారుకు లైసెన్సు ఉండాలనీ, కూలీకి దారిఖర్చులు ఇవ్వాలనీ 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం చెప్పింది. పద్దు పుస్తకం ముందు ఆ చట్టం ఎన్నడూ నిలబడలేదు. మేస్త్రి వెంట పోనివాళ్లు నారాయణపేట వైపు నుంచి ముంబయి బస్సెక్కి, అక్కడి నాకాల్లో పొద్దున్నే పనికోసం నిలబడ్డారు.

జూరాల ఆనకట్ట దాటాక, అలంపురం దిగువన కృష్ణలో తుంగభద్ర కలుస్తుంది. ఆ ఉపనది ఎగువన మరో రకం వలస కనిపిస్తుంది. 1950లలో తుంగభద్ర కాలువలు పారడం మొదలయ్యాక కోస్తా రైతులు డెల్టాలో ఎకరం అమ్మి, ఆ డబ్బుతో కర్ణాటకలోని సింధనూరు, గంగావతి వైపు చాలా ఎకరాలు కొన్నారు. వాళ్ల ఊళ్లను ఇప్పటికీ 'క్యాంపు' అనే పిలుస్తారు. భూమి ఉన్నవాడు దాన్ని అమ్మి కదిలాడు, లేనివాడు ఒంటి సత్తువను ముందే అమ్ముకుని కదిలాడు. రెంటినీ వలస అనే ఒక్క మాటలో కలిపేయడం అన్యాయం.

శ్రీశైలం జలాశయం మూడో రకాన్ని చూపిస్తుంది: తరిమివేత. 1980ల మొదట్లో కర్నూలు, పాలమూరు వైపు సుమారు వంద ఊళ్లు మునిగాయి, లక్షమందికి పైగా చెదిరిపోయారు. కుటుంబానికో ఉద్యోగమని 1986లో 98వ జీవో వచ్చింది. దానికోసం తిరిగినవాళ్లలో చాలామందికి వయసు దాటింది. గుళ్లను మాత్రం రాయి రాయీ విప్పి అలంపురం, సోమశిల దగ్గర మళ్లీ కట్టారు.

అదే జలాశయం వెనుక నీటిని కొల్లాపూర్ దగ్గర ఎల్లూరు వద్ద ఎత్తి కల్వకుర్తి కాలువల్లో పోస్తున్నారు. నీరందిన ఊళ్లలో వరి పెరిగింది, వలస తగ్గింది. ఒకప్పుడు పనికోసం బయటికి పోయిన తెలంగాణ పల్లెలకు ఇప్పుడు నాట్ల కాలంలో బీహార్, బెంగాల్ కూలీలు గుంపులుగా దిగుతున్నారు.