మెతకవాడు పందెం కాస్తే...

హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారిలో పెనుకొండ దాటాక, పాలసముద్రం దగ్గర తూర్పువైపు తిరిగితే గోరంట్ల. లేపాక్షి బసవన్నను చూడ్డానికి హిందూపురం వెళ్లేవాళ్లు, ప్రశాంతి నిలయానికి పుట్టపర్తి వెళ్లేవాళ్లు ఈ ఊరిని బస్సు కిటికీలోంచి చూసి వెళ్లిపోతుంటారు. దిగితే మాత్రం విజయనగర కాలపు శిల్పులు చెక్కిన మాధవరాయస్వామి గుడి స్తంభాలు కాసేపు కదలనివ్వవు. పక్కనే చిత్రావతి. పేరుకు నది... ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే!

కర్ణాటకలోని చిక్కబళ్లాపురం ప్రాంతంలో పుట్టి, పెన్నలో కలిసే ఈ ఏరు మహా మౌని. అలాగని అలుసుగా చూశారో, అంతే. 2021 నవంబరు 19న ఇదే చిత్రావతి దిగువన, చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి దగ్గర వరదలో చిక్కుకున్న పదిమందిని వైమానిక దళం హెలికాప్టర్ వచ్చి కాపాడాల్సి వచ్చింది. ఎప్పుడూ పారే నది పొంగితే అది ఎంతవరకు వస్తుందో గట్టు మీది మనుషులకు తెలుసు. ఎప్పుడూ పారనిది పొంగితే? అప్పుడు లోతు కొలవడానికి దిగకూడదు. ఒడ్డెక్కడమే తెలివి.

ఈ తెలివి పేకాటలోనూ పనికొస్తుంది. పండక్కి పిల్లలంతా ఇంటికి చేరాక, భోజనాలయ్యాక చాప పరిచి, పైసా పందెం లేకుండా పాయింట్ల మీద రమ్మీ ఆడే ఇళ్లు మనకు కొత్త కాదు. ప్రతి ఆటలోనూ ఒక మెతక మనిషి ఉంటాడు. ఎంతసేపూ మూసిన కట్టలోంచి ముక్క తీయడం, పనికిరానిది పడేయడం... అంతే! అలాంటివాడు ఉన్నట్టుండి మీరు వేసిన ఆఠీన్ ఏడు అందుకున్నాడనుకోండి. ఆఠీన్ ఆరు, ఎనిమిది ఇక మీ చేతిలోంచి కదలకూడదు. ఆట మధ్యలో డ్రాప్ అయితే 40, నిండా మునిగితే 80. చేతిలో లెక్క 40 కంటే తక్కువుంటే భయపడి డ్రాప్ కావడంలో అర్థం లేదు. ఎక్కువుంటే మాత్రం ఆలోచించాలి.

పడిన ముక్కల్ని గుర్తుపెట్టుకోవాలి కాబట్టే రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అని సుప్రీంకోర్టు 1967లో చెప్పింది. అది మన కేసే... సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద పెట్టింది. మూడు ముక్కలాటకు మాత్రం ఆ గౌరవం దక్కలేదు.

పోకర్‌లో ఈ చిక్కుముడి ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. చేతిలో రెండు ముక్కలు, అందరికీ ఉమ్మడిగా నేల మీద అయిదు. 'లిమిట్' రకంలో పందెం ఎంతో ముందే కట్టేసి ఉంటుంది. తోచినంత కాయడం కుదరదు. ఎదుటివాడు ఆటంతా మీ పందేనికి సరిపెట్టడమే తప్ప, తనంతట తాను కాయలేదు. ఆఖరి ముక్క పడగానే ముందుకొచ్చి కాశాడు. ఏం చేయాలి?

రోషానికి పోయి పెంచకూడదు. అలాంటి మనిషి ఉత్తి చేతులతో కాయడం అరుదు. అలాగని హడలిపోయి ముక్కలు పారేయడమూ సరికాదు. మధ్యలో ఆరు పందేలు పోగయ్యాయనుకుందాం. అతనిది కలిస్తే ఏడు. మీరు పెట్టాల్సింది ఒకటి. అంటే ఎనిమిదిసార్లలో ఒక్కసారి మీ ముక్కలు నెగ్గినా నష్టం లేదు. అందుకే ఒక మోస్తరు ముక్కలుంటే మారుమాట్లాడకుండా సరిపెట్టి చూడాలి. మరీ బలహీనమైతే వదిలేయాలి. తిరుగులేనివైతేనే పెంచాలి.

కెనడాలోని అల్బెర్టా విశ్వవిద్యాలయం వాళ్లు తయారుచేసిన 'సెఫియస్' అనే కంప్యూటర్ ప్రోగ్రాం, ఇద్దరు ఆడే లిమిట్ పోకర్‌ను దాదాపుగా ఛేదించిందని 2015లో ప్రకటించారు. అది ఎదుటివాడు ఎవరైనా ఒకేలా ఆడుతుంది. ఎవరు దుడుకు, ఎవరు నెమ్మది అన్న తేడా దానికి పట్టదు. చాప మీద కూర్చున్న మనకు పడుతుంది. పదేళ్లుగా తెలిసిన మనిషి మౌనం కూడా ఒక ముక్కే కదా!

అయితే ఇదంతా సరదా వరకే. సెల్‌ఫోన్‌లో డబ్బు పెట్టి ఆడే రమ్మీ, పోకర్‌లను ఆంధ్రప్రదేశ్ 2020లోనే నిషేధించింది. 2025లో కేంద్రమూ చట్టం చేసింది. తెర వెనుక ఆడేది ఎవరో, వాళ్ల స్వభావమేమిటో తెలియనిచోట చదవడానికి మనిషే లేడు. చివరికి చితికేది ఇల్లు.

గోరంట్ల చుట్టుపక్కల అసలు జూదం వేరే ఉంది. వేరుసెనగ రైతుకు ఎదురుగా కూర్చున్న మెతక ఆటగాడు ఆకాశం! నెలల తరబడి ఉలకదు, పలకదు. ఒక్క వాన కురవగానే విత్తాలా, రెండోదాని కోసం ఆగాలా? బోరు సంగతి మరీ దారుణం. ఒకటి ఎండిపోతే, దాని మీద పెట్టిన అప్పు తీర్చాలని మరొకటి. పోకర్‌లో మధ్యలో పడిన డబ్బు ఇక మనది కాదు. చూడాల్సింది ఇప్పుడు పెట్టబోయే పందెం, అది నెగ్గే అవకాశం... ఆ రెండే. పోయిన బోరు ఖర్చు కొత్త బోరుకు కారణం కాకూడదు. చాప మీద తప్పితే పాయింట్లు పోతాయి. చేలో తప్పితే చేనే పోతుంది.

ఈసారి అటు వెళ్తే గోరంట్లలో ఒక పూట ఆగండి. మాధవరాయస్వామి గుడి చూసి, చల్లబడ్డాక చిత్రావతి గట్టు మీదికి నడవండి. ఇసుక మెత్తగా, అమాయకంగా కనిపిస్తుంది. ఎగువన వాన పడిందేమో మాత్రం కనుక్కుని దిగండి!