రెండు ఫస్టియర్లు

నేను డిగ్రీ ఫస్టియర్ రెండుసార్లు చదివాను. తప్పినందుకు కాదు. మొదటిసారే అన్ని పేపర్లూ పాసయ్యాను. అయినా మా గూడెంలో ఇప్పటికీ "పంతులమ్మ ఒక ఏడు తప్పింది గదా" అనే అంటారు.

మాది పల్నాడులో ఒక మాదిగ గూడెం. మా నాయన ఆసామి దగ్గర జీతం ఉండేవాడు. అమ్మ మిరపకాయల కోతకు పోయేది. కోతల రోజుల్లో ఆమె చేతులు రాత్రంతా మండేవి. అన్నం కలిపి మాకు పెట్టాలన్నా భయపడేది. మా ఇంట్లో బడి గడప దాటి పైకి పోయిన మొదటి మనిషిని నేనే. 2008లో పక్క టౌన్లోని ప్రైవేటు కాలేజీలో బీయస్సీలో చేరాను. మాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్స్ గ్రూపు.

ఆ ఏడాది పరీక్షలు రాశాక నాయన చనిపోయాడు. దినం కాకముందే ఆసామి పద్దు పుస్తకం తీసి బాకీ చదివాడు. నాయన తీసుకున్న ప్రతి రూపాయీ అందులో ఉంది. ఆయన చేసిన చాకిరీ మాత్రం ఒక్క పేజీలోనూ లేదు. ఇక అమ్మ నన్నూ తమ్ముణ్ణీ తీసుకుని బిల్డింగు పనులకు హైదరాబాద్ బయల్దేరింది.

టీసీ కోసం కాలేజీకి పోయాం. "మీ ఫీజు గవర్నమెంటు నుంచి ఇంకా రాలా. ఎనిమిది వేలు కట్టి తీసుకుపోండి" అన్నారు. అమ్మ రెండు మేకల్ని అమ్మింది. తక్కువ పడింది నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చింది. అప్పుడు టీసీ, మార్కుల లిస్టు, కాండక్టు సర్టిఫికెట్ చేతికొచ్చాయి. యూనివర్సిటీ మారుతున్నాం కాబట్టి మైగ్రేషన్ సర్టిఫికెట్ వేరే తెచ్చుకోవాలన్నారు. దానికి ఇంకో చలానా, అమ్మకు ఇంకో రెండ్రోజుల కూలి పోవడం.

హైదరాబాద్‌లో ఒక కాలేజీ కౌంటరు ముందు నిలబడ్డాం. గుమస్తా కాగితాలన్నీ తిరగేశాడు. "మీ యూనివర్సిటీ వేరు. మీ గ్రూపు మా దగ్గర లేదు. కంప్యూటర్స్ బదులు కెమిస్ట్రీ ఉంది. సెకండియర్‌లో కుదరదు. ఫస్టియర్‌లో చేరు" అన్నాడు. నా కుల సర్టిఫికెట్ చూసి, "మీకేందమ్మా, గవర్నమెంటే కడుతుంది. ఒక సంవత్సరం ఎక్కువైతే ఏం పోయింది?" అన్నాడు. పక్క బల్లల వాళ్లు నవ్వారు. ఏం జరుగుతుందో తెలియక అమ్మ కూడా నవ్వింది. ఆమె నవ్విన ఆ నవ్వు నేను మర్చిపోలేదు.

ఏం పోయిందో తర్వాత తెలిసింది. ఒకసారి ఫస్టియర్‌కు స్కాలర్‌షిప్ తీసుకున్నాక మళ్లీ ఫస్టియర్‌కు ఇవ్వరన్నారు. ఫీజు మేమే కట్టుకోవాలి. తమ్ముడు ఆ వేసవిలోనే టెన్త్ పాసయ్యాడు. ఇంటర్ దరఖాస్తు నింపి పెట్టుకున్నాడు. ఆ కాగితం మడిచి ట్రంకుపెట్టెలో పెట్టి, మర్నాడు అమ్మతోపాటు ఇసుక తట్ట ఎత్తాడు. వాడికప్పుడు పదిహేనేళ్లు.

నేను ఫస్టియర్‌లో కూర్చుని, వచ్చిన లెక్కలే మళ్లీ చేశాను. దీపావళి తర్వాత సెకండియర్‌లో ఒక అమ్మాయి పరిచయమైంది. ఆమె కూడా ఆ ఏడే వేరే యూనివర్సిటీ నుంచి వచ్చింది. ఆమె గ్రూపు కూడా వేరే. "నువ్వెట్టా సెకండియర్‌లో కూర్చున్నావు?" అని అడిగాను. వాళ్ల నాన్న ప్రిన్సిపాల్‌తో మాట్లాడాడట. పాత సిలబస్ కాపీ జతచేసి, తేడా పడిన పేపరు ఒక్కటీ రాసుకుంటానని అర్జీ పెట్టిందట. ప్రిన్సిపాల్ దాన్ని యూనివర్సిటీకి పంపాడట. అంతే.

ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు. అర్జీ కాగితం ఖరీదు ఒక్క రూపాయి. ఆ రూపాయి కాగితం సంగతి మాకు ఎవరూ చెప్పలా. అడగొచ్చని కూడా మాకు తెలీదు. కౌంటరు అవతలి మనిషి కుదరదంటే, అది రూలు అనుకుని తల వంచుకుని రావడమే మాకు తరతరాలుగా నేర్పింది.

బీఎడ్ చదివేటప్పుడు బాబాసాహెబ్ జీవితం చదివాను. 1917లో బరోడా స్కాలర్‌షిప్ గడువు తీరి, ఆయన లండన్ చదువును సగంలో ఆపి రావాల్సి వచ్చింది. నాలుగేళ్లలోపు తిరిగొచ్చి పూర్తిచేసుకోవడానికి అక్కడి యూనివర్సిటీ నుంచి అనుమతి తీసుకునే వచ్చాడు. 1920లో మళ్లీ వెళ్లాడు. 1921లో ఎమ్మెస్సీ, 1923లో డీఎస్సీ తీసుకున్నాడు. అంతటి మనిషి కూడా ఓడ ఎక్కే ముందు తన చదువును కాగితం మీద భద్రం చేసుకున్నాడు. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

2014 డీఎస్సీలో నాకు ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు చదువుల లెక్క మారింది. పదిహేను వారాల సెమిస్టరులో వారానికి గంట చొప్పున పాఠం వింటే ఒక క్రెడిట్. ఆ క్రెడిట్లు దాచుకోవడానికి 2021లో యూజీసీ అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ పెట్టింది. చదువు మధ్యలో ఆగినా ఏడేళ్ల దాకా అవి చెల్లుతాయి. ఇంకో కాలేజీలో చేరితే అక్కడికి మార్చుకోవచ్చు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు పట్టి పెట్టుకోకూడదని 2018లోనే యూజీసీ చెప్పింది. వినడానికి బాగుంది. ఫీజు బకాయిల పేరుతో సర్టిఫికెట్లు ఆపిన సంగతులు ఆ తర్వాత కూడా వింటూనే ఉన్నాను.

నా దగ్గర చదువుకున్న ఒక పిల్ల డిగ్రీ రెండో సెమిస్టరు రాసి, ఇల్లు గడవక మిరప కోతకు పోయింది. రెండేళ్ల తర్వాత, వాళ్లమ్మ వలసపోయిన ఊళ్లో చదువుతానని నా దగ్గరికొచ్చింది. ఫోన్లో ఆమె ఖాతా తెరిచి చూశాం. సున్నా. పరీక్ష పాసైంది, మార్కులున్నాయి, కానీ ఖాతాలో ఒక్క క్రెడిట్ లేదు. ఆధార్‌లో పేరు ఒక రకంగా, కాలేజీ రికార్డులో ఇంకో రకంగా ఉంది. కాలేజీవాళ్లు ఎక్కించకుండా వదిలేశారు.

సెలవు పెట్టి ఆ పిల్లతో కాలేజీకి పోయాను. "మళ్లీ ఫస్టియర్‌లో చేరితే పోలా?" అన్నాడు అక్కడి గుమస్తా. పదిహేనేళ్లయినా అదే మాట. నాకు కాళ్లు వణికాయి. అయినా కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "కుదరదని కాగితం మీద రాసివ్వండి సార్, తీసుకుని పోతాం" అన్నాను. ఆయన రాసివ్వలేదు. పేరు దిద్దించడానికి మూడుసార్లు తిరిగాం. నెల తర్వాత ఆమె క్రెడిట్లు ఖాతాలో పడ్డాయి. ఇప్పుడామె మూడో సెమిస్టరు చదువుతోంది.

ఈ సంగతి తమ్ముడికి చెప్పాను. వాడిప్పుడు తాపీమేస్త్రీ. అన్నం తింటున్నవాడు చెయ్యాపి, "అయితే అప్పుడు నువ్వు తప్పలేదా అక్కా?" అన్నాడు.

నేను తప్పాననుకునే వాడు ఇన్నేళ్లూ ఉన్నాడు. తప్పాననుకునే ఆ ఏడాది నా కోసం తట్ట మోశాడు. ఒక్కనాడూ ఎత్తిపొడవలేదు. వాడు చదవని ఆ ఇంటర్ ఏ బ్యాంకులోనూ లేదు. ఏడేళ్ల గడువు కూడా దానికి లేదు.

చదువుకున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీ గూడెం పిల్ల ఏదన్నా కౌంటరు ముందు నిలబడిందంటే ఆమె పక్కన ఒకరు నిలబడండి. రూలేదో చూపించమని అడగండి. కుదరదంటే రాసిమ్మనండి.