చిటికెడు బియ్యం... ఊరంతా కాపలా!

అక్కడ ఊరిని 'దేశ' అంటారు. పశుసంపదకు 'రాజకాయ' అని పేరు. రాత్రిపూట ఊరిని కాసేది జీతగాళ్లు కాదు, ఆ ఊరి మగవాళ్లే. బ్యాంకు లాకరూ పోలీసు ఠాణా ఆమడ దూరంలో ఉన్నచోట ఓ పేదరైతు ఆస్తికి రక్ష ఎవరు? ఇండోనేసియాలోని జావా పల్లెలు ఆ ప్రశ్నకు చెప్పే జవాబు చాలా చిన్నది... ఇరుగుపొరుగు!

రాత్రి పది దాటాక యోగ్యకర్త నగరానికి దక్షిణాన ఉన్న బంతుల్ జిల్లా పల్లెల్లోకి వెళ్తే చాలాచోట్ల కనిపించే దృశ్యమిది. వీధి మలుపులో ఓ చిన్న పాక. అందులో చాప, టీ ఫ్లాస్కు, పేకముక్కలు. చలికి లుంగీ భుజాల చుట్టూ కప్పుకుని నలుగురైదుగురు కబుర్లాడుకుంటుంటారు. చూరుకి బోలుగా తొలిచిన ఓ చెక్కమొద్దో వెదురుబొంగో వేలాడుతుంటుంది. చూడ్డానికి రచ్చబండలా ఉంటుంది కానీ, అది ఊరి కాపలా పాక. ఈ రాత్రి గస్తీని 'రోండా' అంటారు. ఇంటికొకరు చొప్పున వంతులవారీగా రావాల్సిందే. వంతు ఎగ్గొడితే చాలా ఊళ్లలో జరిమానా కూడా ఉంటుంది.

ఇంతకీ ఆ పల్లెల్లో కాపలా కాసుకోవాల్సినంత ఆస్తి ఏముంది?

ఆవే బ్యాంకు!

జావా విస్తీర్ణం మన ఇప్పటి ఆంధ్రప్రదేశ్ కన్నా తక్కువ. జనాభా మాత్రం 15 కోట్ల పైచిలుకే. అంతమంది ఉన్నచోట ఒక్కొక్కరికి ఎంత నేల దక్కుతుంది? అర హెక్టారు కూడా లేని రైతులే ఎక్కువ. దాని మీద పండే వరి తిండికి సరిపోతే గొప్ప. ఇంటి చుట్టూ ఉన్న పెరట్లో కొబ్బరి, అరటి, పనస. ఆ పెరటి మూలన కొట్టంలో ఓ ఆవో, రెండు మేకలో.

ఆ ఆవే వాళ్ల ఫిక్స్‌డ్ డిపాజిట్టు. పిల్లాడి కాలేజీ ఫీజుకీ, ఆసుపత్రి ఖర్చుకీ, పెళ్లికీ దాన్నే అమ్ముతారు. మంచి పశువు ధర కోటిన్నర రుపియా దాకా పలుకుతుంది. కంగారుపడకండి, మన లెక్కలో దాదాపు 80 వేల రూపాయలు! కొనే స్తోమత లేనివాళ్లు కలిగినవాళ్ల పశువును సగపాలుకు మేపుతారు. పుట్టిన దూడల్లో వాటా తీసుకుంటారు. మన పల్లెల్లో పాలుకు పెట్టడం ఉంది చూడండి, అలాగన్నమాట.

ఇక్కడ మనవాళ్లు గర్వపడే సంగతి ఒకటుంది. జావాలో విరివిగా కనిపించే తెల్లటి మూపురపు పశువుల్ని 'పెరనకన్ ఒంగోల్' అంటారు. అంటే ఒంగోలు సంతతి. 20వ శతాబ్దం తొలినాళ్లలో డచ్చివాళ్లు మన ఒంగోలు జాతిని సుంబా దీవికి తీసుకెళ్లారు. ఆ జాతి జావా పశువులతో కలిసి ఈ సంతతి పుట్టింది. మన ఒంగోలు పేరు అక్కడి పశువుల సంతల్లో ఇప్పటికీ వినపడుతోంది.

మరి ఇంటిల్లిపాది భవిష్యత్తూ ఓ పలుపుతాడుకి కట్టేసి ఉన్నప్పుడు నిద్రెలా పడుతుంది? అందుకే కొన్ని ఊళ్లలో అందరి పశువుల్నీ ఒకేచోట ఉమ్మడి కొట్టంలో కట్టేసి, వంతులేసుకుని కాస్తారు.

టకటక... అదో భాష

పాకలో వేలాడే ఆ మొద్దు పేరు 'కెంతోంగన్'. దాన్ని కర్రతో కొడితే పొలాలు దాటి వినిపిస్తుంది. ఎలా కొడుతున్నారన్నదే అసలు కబురు. రెండేసి దెబ్బలైతే దొంగ. మూడేసి అయితే అగ్నిప్రమాదం. నాలుగేసి అయితే వరదో మరో విపత్తో. ఊరిని బట్టి కొద్దిగా తేడా ఉండొచ్చు. కాపలా పాక గోడమీద ఆ పట్టిక రాసిపెట్టి ఉండటం మామూలే. చిన్నపిల్లలు కూడా ఎక్కాల్లా అప్పజెబుతారు. ఆపకుండా గబగబా మోగిందంటే మాత్రం లెక్కపెట్టేందుకు ఎవరూ ఆగరు, చేతికందింది పట్టుకుని పరుగే.

గిన్నె ఖాళీ అయితే నిశ్చింత

గస్తీ తిరిగేవాళ్లు నిజంగా తిరుగుతున్నారా, పాకలో గురకపెడుతున్నారా? ఈ అనుమానానికి జావా పల్లె ఎప్పుడో విరుగుడు కనిపెట్టింది. దాని పేరు 'జింపితాన్'. అంటే చిటికెడు. ప్రతి ఇంటివాళ్లూ గుమ్మం పక్కన ఓ చిన్న డబ్బానో కొబ్బరిచిప్పనో వేలాడదీసి, రాత్రి పడుకునేముందు అందులో చిటికెడు బియ్యం పోస్తారు. గస్తీవాళ్లు ప్రతి గుమ్మం దగ్గరా ఆగి ఆ బియ్యాన్ని సంచిలో పోసుకోవాలి. తెల్లారాక ఇల్లాలు చూసుకుంటుంది. గిన్నె ఖాళీగా ఉంటే రాత్రి తన గుమ్మం దాకా ఎవరో వచ్చివెళ్లారన్నమాట!

ఆ బియ్యం అమ్మగా వచ్చిన డబ్బు ఉమ్మడి నిధికి వెళ్తుంది. వీధిదీపం, వంతెన మరమ్మతు, ఎవరైనా పోతే అంత్యక్రియల ఖర్చు... అన్నీ అందులోంచే. ఈ లెక్కలు చూసేది కొన్ని పదుల ఇళ్లకు కలిపి ఉండే 'రుకున్ తెతాంగ'. అంటే ఇరుగుపొరుగుల పొత్తు. రెండో ప్రపంచయుద్ధకాలంలో జావాను ఏలిన జపాన్‌వాళ్లు జనం మీద నిఘా కోసం 1944లో పెట్టిన ఏర్పాటు నుంచి పుట్టిందిది. పాలకులు పోయారు, పొత్తు మిగిలింది.

సరిహద్దు చెప్పేదీ పొరుగువాడే

పొలం సంగతీ అంతే. ఏ చెక్క ఎవరిదో తరతరాలుగా ఊరి కార్యాలయంలోని 'లెటర్ సి' అనే పుస్తకంలో రాసుకునేవారు. మన కరణంగారి దస్తరం లాంటిది. అది పన్ను లెక్కే కానీ పక్కా పట్టా కాదు. 2017 నుంచి ప్రభుత్వం ఊళ్లకు ఊళ్లు కొలిచి పట్టాలిచ్చే పని భారీగా మొదలుపెట్టింది. పాత కాగితాలున్నవాళ్లు ఐదేళ్లలో నమోదు చేయించుకోవాలని 2021లో నిబంధన తెచ్చింది. అయితే కొలతలకు ముందు గట్టు రాళ్లు పాతేటప్పుడు పక్క పొలంవాళ్లు ఒప్పుకోవాలి. ఎంత ఉపగ్రహ పటమైనా చివరికి పొరుగువాడి 'సరే' కావాల్సిందే!

కొండ ఉరిమితే...

2006 మే 27. తెల్లవారుజామున బంతుల్ ప్రాంతాన్ని భూకంపం కుదిపేసింది. 5,700 మందికి పైగా చనిపోయారు. లక్షకు పైగా ఇళ్లు నేలమట్టమయ్యాయి. తర్వాత కుటుంబాలు చిన్న చిన్న బృందాలుగా ఏర్పడి ప్రభుత్వ సాయంతో ఒకరి ఇల్లు ఒకరు కట్టుకున్నారు. 'గోతోంగ్ రోయోంగ్' అని జావావాళ్లు చెప్పుకునే పరస్పర సాయం అదే.

యోగ్యకర్తకు ఉత్తరాన మెరాపీ అగ్నిపర్వతం ఉంది. 2010లో అది బద్దలైనప్పుడు 350 మందికి పైగా బలయ్యారు. కొండకు సంరక్షకుడిగా పేరున్న పెద్దాయన ఎంబా మరిజాన్ తన ఊరు వదలనంటూ అక్టోబరు 26న ప్రాణాలు విడిచారు. శిబిరాల్లో తలదాచుకున్న రైతులు కొందరు మేత వేయడానికి తిరిగి కొండెక్కేవారు. ప్రాణాలకు తెగించి మరీ! పశువుల్ని మేమే కొంటామని ప్రభుత్వం ప్రకటించాల్సి వచ్చింది. ఆ అనుభవం నుంచే మగెలాంగ్ జిల్లాలో 'సోదర గ్రామాలు' వచ్చాయి. కొండమీది ప్రతి ఊరికీ కింద ఒక జోడీ ఊరు. 2020 నవంబరులో హెచ్చరిక స్థాయి పెంచగానే ఎంగార్గోముల్యో ఊరి వృద్ధులూ పిల్లలూ తల్లులూ నేరుగా తమ సోదర గ్రామం తమనాగుంగ్‌కు దిగివచ్చారు.

రెండో ముఖం

అంతా బాగానే ఉందనుకుంటే పొరపాటు. అందరికీ అందరూ తెలిసిన ఊళ్లో తెలియనివాడే అనుమానితుడు. 'అతిథులు 24 గంటల్లో తెలియజేయాలి' అన్న బోర్డు వీధి మొదట్లోనే పలకరిస్తుంది. దొంగ అన్న అనుమానం చాలు, పోలీసులు వచ్చేలోపే జనం చేయిచేసుకున్న సందర్భాలున్నాయి. 1998లో తూర్పు జావాలోని బన్యువాంగిలో చేతబడి పుకార్లు రేగి ఎందరినో చంపేశారు. భయంతో కాపలాలు ముమ్మరమైతే, ఆ కాపలాదారుల చేతుల్లోనే దారినపోయే కొత్తవాళ్లూ దెబ్బలు తిన్నారు. ఊరిని కాపాడిన కర్రే ఊరి కళ్లు కప్పింది.

ఇప్పుడు కుర్రాళ్లు జకార్తా ఫ్యాక్టరీల బాట పట్టారు. వంతుకు మనుషులు చాలక జీతపు కాపలాదారుల్ని పెట్టుకున్న ఊళ్లున్నాయి. బియ్యం బదులు నాణేలు వచ్చాయి. వీధుల్లో సీసీ కెమెరాలు, ఫోన్లలో గ్రూపులు. ఫోనుతో జింపితాన్ లెక్క రాసుకునే ఊళ్లూ తయారయ్యాయి. డబ్బు చేరుతుంది, లెక్కా తేలుతుంది. కానీ జింపితాన్ అసలు పని డబ్బు పోగేయడం కాదు. రోజుకొక్కసారి పొరుగువాడిని మన గుమ్మం దాకా రప్పించడం. ఆ పని చేసే యంత్రం మాత్రం ఇంకా రాలేదు.