సెయింట్ మాథ్యూ దీవిలో జింకలు

అలాస్కాకూ సైబీరియాకూ నడుమ, బేరింగ్ సముద్రంలో, సెయింట్ మాథ్యూ అనే దీవి ఒకటి ఉన్నది. పొడవు 32 మైళ్ళు, వెడల్పు సుమారు 4 మైళ్ళు. చెట్టన్నది మచ్చుకైనా లేదు. పొగమంచూ ఈదురుగాలీ తప్ప మరొకటి ఎరగని ఆ చోట మనుష్యులు కాపురముండరు. అయినా 1944లో, రెండవ ప్రపంచయుద్ధం రోజుల్లో, అమెరికా తీరరక్షక దళంవారు ఓడలకూ విమానాలకూ దారి తెలిపే రేడియో కేంద్రం అక్కడ నెలకొల్పారు. సరుకుల ఓడ రాకపోతే సిబ్బందికి తిండి కావాలి గదా! అందుకని 29 ధ్రువపు జింకలను తెచ్చి వదిలారు. అందులో 24 ఆడవి. రెయిన్‌డీర్ అంటే యివే. మన లేళ్ళలా కాక, వీటిలో ఆడవాటికి కూడా కొమ్ములుంటాయి.

యుద్ధం ముగిసింది. మనుష్యులు వెళ్ళిపోయారు. జింకలు మిగిలినవి.

వాటికది పుట్టిల్లే అయింది. తోడేళ్ళు లేవు. పాచిలా నేలను అల్లుకునే లైకెన్ పరుపు పరచినట్టు పెరిగి ఉన్నది. చలికాలంలో గిట్టలతో మంచు తవ్వుకొని యీ జింకలు ముఖ్యంగా తినేది దాన్నే. 1957లో డేవిడ్ క్లైన్ అనే జీవశాస్త్రజ్ఞుడు వెళ్ళి చూడగా 1,350 జింకలున్నవి. మచ్చిక మందల్లోని వాటికంటే ఎంతో బలిసి ఉన్నవి. 100 పెద్ద ఆడజింకలకు 75 కూనలు కన్పించినవి.

1963 నాటికి మంద 6,000కు పెరిగింది. చదరపు మైలుకు సుమారు 47 అన్నమాట! ఎవరైనా దీన్ని అభివృద్ధి అనే అంటారు. నాకు మాత్రం ఆ లెక్కల్లో చిన్న అంకెలే ఎక్కువ చెప్పినట్టు తోస్తుంది. 100 తల్లులకు కూనలు 60కి దిగినవి. ఏడాది నిండిన పిల్లలు 45 నుంచి 26కు పడిపోయినవి. ఆడజింకల సగటు బరువు నూటికి 38 వంతులు తగ్గింది.

ఇందులో మర్మమేమీ లేదు. ఈ జింకలు చూలు కట్టేది శరత్తులో, ఈనేది వసంతంలో. ఏడున్నర నెలల చూలులో ఎక్కువ భాగం చలికాలమే. ఒంట కొవ్వు లేని జింక ఎదకు రాదు. వచ్చి ఈనినా కూన బలహీనంగా పుడుతుంది, దానికి పాలు చాలవు. మేత తప్పిన ఏడు గేదెలు ఏం చేస్తాయో ఎరిగిన మన రైతులకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. పైగా లైకెన్ గడ్డిలా మరు వానకు మొలిచేది కాదు. తిరిగి అల్లుకోవడానికి ఏండ్లూ పూండ్లూ పడుతుంది. 1963 నాటికే అది దాదాపు హరించుకుపోయింది.

ఆ చలికాలం చివర, 1964లో, మంచు విపరీతంగా పేరుకున్నది.

1966లో క్లైన్ మళ్ళీ వెళ్ళేసరికి దీవినిండా ఎముకలే. ప్రాణంతో మిగిలినవి 42. అందులో 41 ఆడవే. శరత్తులో పోట్లాటలతో తిండి మాని, మగవి కొవ్వంతా పోగొట్టుకొని చలికాలంలో అడుగు పెడతాయి మరి. ఉన్న ఒక్క మగదాని కొమ్ములు వికారంగా పెరిగి ఉన్నవి. సంతానం కలిగించే శక్తి దానికి ఉన్నట్టు తోచలేదు. మందలో కూన ఒక్కటీ లేదు.

1980లు వచ్చేసరికి ఆ కొద్దిపాటి జింకలు కూడా అంతరించినవి. ఇప్పుడక్కడ నక్కలూ, చిట్టెలుకలూ, సముద్రపక్షులూ కాపురమున్నవి.