గొట్టం పొడుగైతే గురి కుదురుతుందా?

మా ఇంట్లో నెల రోజులుగా ఒకటే చర్చ: సెకండ్ హ్యాండ్ ఎయిర్ రైఫిల్ కొనాలా వద్దా. బేస్తవారిపేటలో ఇది కాస్త వింత చర్చే. ఎన్‌సీసీ క్యాంపులో గ్రూపింగ్ బాగా వచ్చిందని మా చెల్లికి పట్టుకున్న పిచ్చి ఇది. హైదరాబాద్‌లో ఇంటర్ చదువుతూ పది మీటర్ల ఎయిర్ రైఫిల్ ప్రాక్టీస్ చేస్తోంది. ఇన్నాళ్లూ రేంజి వాళ్ల రైఫిలే వాడింది, ఇప్పుడు సొంతది కావాలి. కొత్తదంటే లక్షల్లో మాట. 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఇదే ఈవెంట్‌లో కాంస్యం తెచ్చిన మన హైదరాబాదీ గగన్ నారంగ్‌కి రైఫిల్ కొనడానికి ఇంట్లోవాళ్లు స్థలం అమ్మారని పేపర్లలో చదివాం. మాకు అమ్మడానికి స్థలం లేదు. నాన్న పనిచేసేది పలకల ఫ్యాక్టరీలో. అందుకే ఒక్కసారే కొనాలి, సరైనదే కొనాలి.

"పొడుగు గొట్టం ఉన్నది తీసుకుంటే సరిపోదంటరా?" అన్నాడు నాన్న ఫోన్‌లో.

నేనూ అంతే అనుకునేవాణ్ణి. చదివితే తేలిందేంటంటే, చాలా మ్యాచ్ రైఫిళ్లలో గాళ్లు కోసిన అసలు బ్యారెల్ 42 సెంటీమీటర్ల దగ్గరే ఉంటుంది. బయటికి కనబడే మిగతా పొడుగు ఉత్త తొడుగు, ముందు సైట్‌ని కంటికి దూరంగా పెట్టడానికి! పైగా బ్యారెల్ మరీ పొడుగైతే పెల్లెట్ అందులో ఎక్కువసేపు ఉంటుంది. ఆలోపు చెయ్యి కదిలితే గురి కూడా కదిలినట్టే.

మరి దేన్ని చూడాలి? పది పాయింట్ల చుక్క వ్యాసం 0.5 మిల్లీమీటర్లు. పెల్లెట్ 4.5. అంటే పెల్లెట్ కంటే గురే తొమ్మిదో వంతు. ఇక్కడ బ్యారెల్ చేయాల్సింది ఒక్కటే, చేసిన పనే మళ్లీ మళ్లీ చేయడం. పది పెల్లెట్లూ ఎడమకి రెండు మిల్లీమీటర్లు పక్కకి పోయినా బాధ లేదు, సైట్ కొన్ని క్లిక్కులు తిప్పుకుంటాం. కోడ్‌లో ప్రతిసారీ ఒకే తేడా వస్తే దిద్దుకుంటాం కదా, అలా. ఒక్కోసారి ఒక్కోలా వచ్చే బగ్‌తోనే చావు.

అందుకే రైఫిల్‌ని శిగలో బిగించి, మనిషి చెయ్యి తగలకుండా కాల్చి చూడాలి. అదీ ఒక్క డబ్బాతో కాదు. పెల్లెట్ తల 4.49, 4.50, 4.51 అని వేర్వేరు సైజుల్లో దొరుకుతుంది. ఏ బ్యారెల్‌కి ఏది నచ్చుతుందో ఆ బ్యారెలే చెప్పాలి. తొడుగు విప్పి మూతి అంచు కూడా చూడాలి. అక్కడ చిన్న గీత పడినా గాలి ఒకపక్కకి ఎక్కువ తన్ని పెల్లెట్‌ని పక్కకి నెడుతుంది. కంపెనీ వాళ్లు కాల్చి ఇచ్చిన టెస్ట్ కార్డు ఉంటే మరీ మంచిది.

అమ్మే అతను మాత్రం "చూస్తే తెలీట్లేదా, కొత్తదానిలా ఉంది" అంటున్నాడట. ఈ మాట నాన్నకి చెప్పా. ఆయన పలకని వేలితో కొట్టి, శబ్దం విని బీటుందో లేదో చెప్పే మనిషి.

"బీటున్న పలక గూడా కొత్తదాని మాదిరే ఉంటదిరా" అన్నాడు. "కాల్చి చూడనిస్తాడా లేదా, అది కనుక్కో."

కాల్చనిస్తానన్నాడు. నాన్న శనివారం రాత్రి బస్సుకి వస్తున్నాడు. చెల్లి మూడు సైజుల పెల్లెట్లూ తెచ్చిపెట్టుకుంది. టెస్ట్ కార్డు మాత్రం ఇంకా వెతుకుతున్నానంటున్నాడు అమ్మే అతను.