మాటలూ మనుషులూ – 7: నేలమట్టం చేసిందెవరు?



గ్వాటెమాల మాయా ఆదివాసుల గురించి చదవాలని కొన్నాళ్లుగా స్పానిష్ నేర్చుకుంటున్నాను. అది మాయాల భాష కాదు, వాళ్లను జయించినవాళ్ల భాష. అయినా కోర్టు కాగితాలు అందులోనే ఉంటాయి. ఆ భాషలో 'అర్రసార్' అనే ఒక క్రియ నన్ను వదలడం లేదు.

'రాస్' అంటే సమమట్టం. కుంచంలో గింజలు పోసి, పైకి పొంగినవాటిని కర్రతో గీసేస్తాం చూడండి, ఆ పనీ అర్రసారే. ఊరిని నేలమట్టం చేయడమూ అర్రసారే. ఎన్నికల్లో ఒక పార్టీ ఊడ్చేసినా, సినిమా దుమ్ము రేపినా అదే మాట. కళ్లు అంచుదాకా నీళ్లతో నిండినా అదే.

గ్వాటెమాలలో ఈ క్రియకు వేరే చరిత్ర ఉంది. 1981-83 మధ్య సైన్యం మాయా పల్లెల మీద సాగించిన దాడులను 'తియెర్రా అర్రసాదా' అంటారు. నేలమట్టమైన నేల అని అర్థం. ఇళ్లు తగలబెట్టారు. మొక్కజొన్న చేలు కాల్చారు. మనుషుల్ని చంపారు. గెరిల్లాలకు ముద్ద పెట్టే ఊరే మిగలకూడదన్నది సైన్యం లెక్క.

ఇప్పుడు ఆ మాటను మళ్లీ చూడండి. అందులో నేల ఉంది, దానికి జరిగింది ఉంది. చేసినవాడు లేడు.

ఐక్యరాజ్యసమితి అండతో ఏర్పడిన సత్యశోధన కమిషన్ 1999లో ఆ క్రియకు కర్తను పెట్టింది. గుర్తించిన బాధితుల్లో 83 శాతం మాయాలని, నమోదైన ఉల్లంఘనల్లో 93 శాతం రాజ్యమూ దాని పారామిలిటరీ బలగాలూ చేసినవేనని రాసింది. 2013లో ఇషిల్ మాయా ఆడవాళ్లు కోర్టుకొచ్చి తమ మీద జరిగిన అత్యాచారాలను చెప్పారు. మే 10న మాజీ సైనిక పాలకుడు రియోస్ మోంట్‌కు జాతి నిర్మూలన, మానవాళిపై నేరాల కింద 80 ఏళ్ల శిక్ష పడింది. పది రోజులకే రాజ్యాంగ న్యాయస్థానం ఆ తీర్పును కొట్టేసింది. ఆ ఆడవాళ్లు చెప్పిన సాక్ష్యం మాత్రం రికార్డులో ఉండిపోయింది.

మనకెందుకీ స్పానిష్ గొడవ అంటారా? మన పేపర్లు తిరగేయండి. 'దళితవాడలో ఇళ్లు దగ్ధం.' 'గుడిసెలు నేలమట్టం.' తుఫానుకు రాసే మాటే దాడికీ రాస్తారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. 2014లో హైకోర్టు నిందితులందరినీ నిర్దోషులని వదిలేసింది. ఎనిమిది శవాలు ఉన్నాయి, చంపినవాళ్లు మాత్రం లేరు. ఇది కూడా కర్త లేని వాక్యమే.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, రేపు మీరు నిజనిర్ధారణకు వెళ్తారు, నివేదిక రాస్తారు. 'ఇళ్లు కాలిపోయాయి' అని రాయకండి. ఎవరు కాల్చారో బాధితులు చెప్తారు. వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే, తేదీతో సహా, చేసినవాళ్లతో మొదలుపెట్టి రాయండి. కోర్టు రేపు ఏం తేల్చినా ఆ కాగితం మన చేతిలో ఉండాలి.